వాకిటి మనిషి

విల్యాందిలో డిసెంబరు చీకటి మూడున్నరకే దిగుతుంది.
పాత అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ మెట్ల కింద
గురువారం గురువారం నా బల్ల తెరుస్తాను.
స్క్రూడ్రైవర్లు, ఊడిన మీటలు, ఒక టీ కెటిల్,
ఎవరో పారేద్దామనుకుని
పారేయలేకపోయిన ల్యాప్‌టాపులు.

హెల్యే సార్‌నిత్ పన్నెండేళ్ళ యంత్రాన్ని తెచ్చింది
శాలువలో చుట్టి, జ్వరమొచ్చిన పిల్లను తెచ్చినట్టు.
రెండు జీబీల జ్ఞాపకం. మూత మీద జామ్ మరక.
"నాటకశాలలో కోట్ల గది నాదే,
ముప్పై ఎనిమిదేళ్ళు" అంది.
కోట్లంటే డబ్బు కాదు,
మంచుకు తడిసి మనిషంత బరువెక్కిన ఉన్ని కోట్లు.

లోపలికి ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టాను.
చిన్న ఇల్లు. ఊడ్చుకోవడం తేలిక,
ముసలి ప్రాసెసరుకు మోకాళ్ళు లాగవు.
గుమ్మానికి లైట్‌డీఎం బిగించబోతే
ఆవిడ తల అడ్డంగా ఊపింది.
మనవరాలి దగ్గర చూసిందట,
గుండ్రటి చట్రంలో ముఖం,
కింద పేరు, దాని కింద
ఓపిగ్గా ఆగి ఉండే గీత.
"ఆ పలకరింపు కావాలి నాకు.
లోపల కుర్చీలు ఎలాంటివైనా సరే."

ఆ వాకిలి గ్నోమ్ వాళ్ళది, జీడీఎం.
దివాణం గేటు తెచ్చి
పూరింటికి బిగించమంటోంది.
గేటు కిర్రుమనడానికే బోలెడు జ్ఞాపకం తింటుందని
చెప్పాను. వినలేదు.
యంత్రం ఆమెది, వినకపోవడమూ ఆమెదే.

తొందరలో రెంటినీ మేల్కొలిపాను.
ఒక ఒరలో రెండు కత్తులు.
తెర నల్లబడింది.
ఎడమ మూల ఒక గీత
కొట్టుకుంటూ
కొట్టుకుంటూ
ఎవరు తలుపు తియ్యాలో తేల్చుకోలేక.

హెల్యే కంగారు పడలేదు. టీ పోసింది, నాక్కూడా.
కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ.
దొడ్డిదారిన వెళ్ళి ఒకరికి సెలవిచ్చాను.
మిగిలిన వాడికి ఒక్క లంకె,
ఇక నువ్వే కావలి.

వెలిగింది.
గుండ్రంలో ఆమె, నాటకశాల గుర్తింపుకార్డు ఫోటో,
ముప్పై ఏళ్ళ జడ, నవ్వని మూతి.
కింది మూల పళ్ళచక్రం నొక్కి
గ్నోమ్ కాదు, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని ఎంచుకోమన్నాను.

"అయితే వీడికి లోపల ఏ నాటకమో తెలియనక్కర్లేదా?"
"అక్కర్లేదు."
"నాకూ తెలిసేది కాదు.
చప్పట్లు వినపడేవి, అంతే.
ఏడ్చిన నాటకమో నవ్విన నాటకమో
తిరిగొచ్చి కోటు తొడుక్కునే చేతుల్ని బట్టి చెప్పేదాన్ని."

మళ్ళీ గురువారం, కోపంగా వచ్చింది.
"లోపలికి పంపినవాడు వేరు.
పొయ్యి మీద సూపు కలిపి వచ్చేలోగా
తలుపు మూసి నిలబడ్డవాడు వేరు!
కోటు తీసుకున్నది ఒకడు,
చీటీ అడిగేది ఇంకొకడా?"

నిజమే. తాళం వేసేది ఆ ఇంటి సొంత మనిషి,
గేటు దగ్గర కావలివాడికి ఆ పని అందదు.
పోనీ గేటు మార్చేస్తాను, ఇద్దరికీ పొత్తు కుదిరేదే పెడతాను,
పది నిమిషాల పని, అన్నాను.

ఆమె ఆ రెండో ముఖాన్ని చాలాసేపు చూసింది.
బూడిద రంగు పెట్టె, చట్రం లేదు, ఫోటో లేదు.
"రహస్యపదం అదేగా?"
"అదే."
"ఉండనీ.
విరామంలో నేను రొట్టె తినడానికి వెళ్తే
లైనె నిలబడేది నా చోట.
మొరటు పిల్ల. ఎవరినీ పలకరించేది కాదు.
కొక్కేల నంబర్లు మాత్రం ఎప్పుడూ తప్పలేదు."

డబ్బు వద్దన్నానని
ఒక ఇత్తడి బిళ్ళ బల్ల మీద పెట్టి వెళ్ళింది, 214.
ఎవరి కోటో అడగలేదు.

ఆ రాత్రి ఇంటికెళ్ళి నా యంత్రం తెరిచాను.
ఏళ్ళ క్రితం, వేగం కోసం,
గుమ్మం తీసేయించుకున్నాను నేను.
మీట నొక్కగానే లోపలే ఉన్నాను,
ఎవరూ నా పేరు పిలవలేదు.